ఆటకు కూలి ఎందుకు?

పాఠాన్ని ఆటగా మార్చాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచిదే. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతులలో ఆటపాటలతో చదువు సాగాలన్నది. కాని ఆట అనగానే మనకు తట్టేవేమిటి? మార్కులు, నక్షత్రాలు, మొదటి స్థానం, కడపటి స్థానం! ఇది ఆటా, ఆట వేషం కట్టిన పరీక్షా?

అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 1973లో ఒక సంగతి ప్రకటించారు. బొమ్మలు వేయడమంటే సరదాపడే శిశు పాఠశాల పిల్లలలో కొందరికి, బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే ఆశ పెట్టారు; ఇచ్చారు కూడా. కొన్నాళ్లకు చూస్తే వారే బొమ్మల జోలికి తక్కువగా పోతున్నారు. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల సరదా మాత్రం తగ్గలేదు. కూలి కుదుర్చుకున్నాక ఆట కాస్తా పని అయిపోయిందన్నమాట!

మన అవధానం చూడండి. దత్తపదిలో పృచ్ఛకుడు నాలుగు మాటలిచ్చి, వాటిని ఇమిడ్చి పద్యం చెప్పమంటాడు. నిషిద్ధాక్షరిలో ఫలానా అక్షరం రాకూడదని అడుగడుగునా అడ్డు తగులుతాడు. మార్కుల ఊసే లేదు. రుచంతా ఆ చిక్కుముడి విప్పడంలోనే ఉంది.

మా సి.బెళగల్ వైపు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఈ పడమటి కర్నూలు పల్లెలనుంచి సుగ్గికని గుంటూరు వైపు పత్తితీతకూ, మిరపకోతకూ పోయే కుటుంబాల వెంట పిల్లలూ పోతారు. తిరిగివచ్చేసరికి పాఠాలు ఎంతో ముందుకు సాగిపోయి ఉంటాయి. మార్కుల పట్టికలో అటువంటి పిల్లవాడు ఆడకముందే ఓడినవాడు.

కిందటి వేసవిలో మా అరుగుమీద చేరిన పిల్లలకు పద్యం బెడద లేకుండా దత్తపది పెట్టాను: చెప్పు, మేక, ఫోను, ఏరు. సుగ్గినుంచి వచ్చిన ఒక కుర్రవాడు అందుకున్నాడు. మిరపచేలో అమ్మ చెప్పు తెగిందట. ఆ రాత్రి అవ్వ ఫోను చేసి మేక ఈనిందని చెప్పిందట. వాడు ఊరు చేరి ఏటికి పరుగెత్తేసరికి ఆ పిల్ల వాడికంటే ముందే గంతులు వేస్తోందట! అందరూ పకపక నవ్వారు. వాడు మాత్రం, "సార్, ఇది రాసుకుంటాను, కాగితమియ్యండి" అన్నాడు. రాస్తూ రాస్తూ, మరచిన ఒత్తులు పక్కవాణ్ణి అడిగి దిద్దుకున్నాడు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలకూ నాలుగు మాటలివ్వండి. బహుమతి సంగతి మాత్రం ఎత్తకండి.