బడి గేటు దగ్గరే ఆగిపోతే ఎట్లా?



పోయిన వానాకాలం ఓ సాయంత్రం రెండో తరగతి చదివే మా చిన్నది ఇంటికి రాలేదు. టైము ఆరున్నర. డ్రైవర్ ఫోను కలవదు, స్కూల్లో ఎవరూ ఎత్తరు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టే వీల్లేదు. నేను అఖ్బార్‌వాలాను. ఎమ్మెల్యే పీఏ నుంచి బాయి మేనేజర్ దాకా అందరి నంబర్లూ నా దగ్గర ఉన్నాయి. నా బిడ్డ పక్కన కూర్చునే పిల్ల వాలిదైన్ నంబర్ మాత్రం లేదు. బస్సు ఖరాబైందని, మా దాన్ని క్లాస్‌మేట్ వాళ్ల అమ్మ ఇంటికి తీసుకుపోయి ఉప్మా పెట్టిందని ఎనిమిదింటికి తెలిసింది. ఆ ఇల్లు మాకు నాలుగు గల్లీల అవతలే. పాపం, ఆమె దగ్గరా మా నంబర్ లేదు.

ఆ రాత్రి నాకు గుస్సా వచ్చింది. మొదట స్కూలు మీద. 'ఫ్యామిలీ డే' అని టికెట్ పెడతారు, డీజే పెడతారు, చీఫ్ గెస్ట్ తఖ్రీర్ గంటసేపు. వరసగా కుర్చీలేస్తే ముందువాళ్ల వీపులు తప్ప ఏం కనపడతాయి? అదీ సరిగ్గా మగ్రిబ్ వేళకే. దాన్ని జాన్‌పెహచాన్ అంటారా?

స్కూలును తిట్టి ఊరుకుంటే అది మక్కారీ. మనం చేస్తున్నదేంటి? సర్కారీ బడుల్లో నెలనెలా మూడో శనివారం పేరెంట్స్ మీటింగ్ పెట్టమని 2023లో హుకుం వచ్చింది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఆ బడుల కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఔరతులు ఉండాలి. మనవాళ్లు పోతారు, ప్రోగ్రెస్ కార్డు మీద దస్తఖత్ పెడతారు, బండి స్టార్ట్ చేస్తారు. పక్కనున్న తల్లికి ఆదాబ్ చెప్పం, నమస్తే చెప్పం.

ఓ బుజుర్గ్ నాతో అన్నారు: "ఆడవాళ్లకు అట్లాంటి మహఫిళ్లు ఎందుకు బేటా, ఫిత్నా." మాఫ్ కరో చాచా. లక్ష్మీనగర్‌లో బట్టల దుకాణం వాడితో గంటసేపు బేరమాడితే రాని ఫిత్నా, బిడ్డ దోస్తు వాళ్ల అమ్మతో రెండు ముక్కలు మాట్లాడితే వస్తుందా? అక్కడి ఖానా సంగతి ఏమిటంటారా? పప్పన్నం, పులిహోర హలాలే కదా. మన ఇంటి నుంచి ఖుబానీ కా మీఠా పట్టుకుపోతే వద్దనేదెవరు?

అసలు అడ్డం వేరే ఉంది, ఎవరూ నోరు విప్పి చెప్పరు. మా బేగం చెప్పింది: "నా తెలుగు విని నవ్వుతారు." ఈ శరమ్ నాకు బాగా తెలుసు. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి పోయి, మొదటి ఏడాదంతా ఆఖరి బెంచీలో నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణి. బడిలో నాకు ఒక్క తెలుగు దోస్తూ లేడు. అయినా లోటు తెలియలేదు, ఎందుకంటే ఆ పని కంపెనీ క్వార్టర్లు చేసిపెట్టేవి. అబ్బాతో ఒకే షిఫ్టులో బాయి దిగినవాళ్లు ఈద్‌కి షీర్ ఖుర్మాకొచ్చేవాళ్లు, దసరాకి జమ్మి ఆకు చేతిలో పెట్టి గలే మిలేవాళ్లు. వాళ్ల భార్యలు, అమ్మీ ఒకే నల్లా దగ్గర నిలబడేవాళ్లు.

ఆ జమానా పోయింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పర్మినెంట్ కార్మికులు. ఇప్పుడు దాదాపు 40 వేలు. ఒకడు ఓపెన్‌కాస్ట్ కాంట్రాక్టులో, ఒకడు హైదరాబాద్‌లో. పిల్లల్లో ఒకరు కార్పొరేట్ స్కూల్లో, ఒకరు మైనారిటీ గురుకులంలో. ఇప్పుడు మనల్ని కలిపే జగా బడి ఒక్కటే మిగిలింది, దాన్నీ వదిలేస్తున్నాం. రంజాన్‌లో లీడర్లు టోపీ పెట్టుకుని ఫొటో దిగే సర్కారీ ఇఫ్తార్లున్నాయి కదా అంటారా? వాటిలో మన ఔరతులు, పిల్లలు ఎక్కడున్నారు? రేపు వాట్సాప్‌లో ఏదో అఫ్వా లేస్తే, "మీ ఇంట్లో అంతా ఖైరియతేనా" అని ఫోన్ చేసే తల్లి ఒక్కతైనా ఉండొద్దా?

ఆంధ్రాలో 2024 డిసెంబర్ 7న సర్కారీ బడులన్నిటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడులాగుడు, తర్వాత పిల్లలతో కలిసి భోజనం. ముగ్గు మనవాళ్లకు రాకపోవచ్చు, మెహందీ వస్తుంది కదా. సియాసీ తమాషా అన్నవాళ్లూ ఉన్నారు. ఉండనీ. తాడు లాగినవాళ్లకు పక్కవాడి పేరైనా తెలిసి ఉంటుంది.

మా స్కూలుకు అర్జీ రాశాను. ఆదివారం అసర్ తర్వాత పెట్టండి, మగ్రిబ్‌కి ఓ గది ఇవ్వండి. టికెట్ వద్దు, స్టేజీ వద్దు, కుర్చీలు గుండ్రంగా వేయండి. ప్రతి ఇంటి నుంచి ఓ గిన్నె. ఇష్టమున్నవాళ్ల నంబర్లతో ఓ కాగితం. ఉప్మా పెట్టిన ఆ ఇంటాయన కూడా దస్తఖత్ చేశాడు, సెకండ్ షిఫ్టుకు పోతూ స్కూటర్ మీదే. ఇంకా జవాబ్ రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ పోతాను, ఈసారి బేగం కూడా వస్తానంది.