కాగితాలు లేని తూరు వెండి కొనకండి

యెరూషలేం యాత్రకు బయల్దేరుతున్నవాళ్ళూ, విదేశాల్లో ఉంటూ ఆన్‌లైన్‌లో పాత నాణేలకు వేలం పాడేవాళ్ళూ ఇది డబ్బు కట్టకముందే చదవాలి. "యూదా ఇస్కరియోతు పుచ్చుకున్న ముప్పై వెండి నాణేలు ఇలాంటివే" అంటూ ఎవరైనా తూరు షెకెల్ అనే పాత వెండి నాణెం చేతిలో పెడితే, ముందు కాగితాలు అడగండి.

ఆ మాటలో కొంత నిజం ఉంది, అందుకే తేలిగ్గా చెల్లుతుంది. బైబిల్లో తూరు, సీదోను అని మనం చదివేవి నేటి లెబనాన్ తీరంలోని ఫినీషియన్ రేవులు. క్రీ.పూ. 126 ప్రాంతం నుంచి తూరు ముద్రించిన షెకెల్ సుమారు 14 గ్రాములు. ఒకవైపు మెల్కార్త్ దేవుడి తల, రెండోవైపు ఓడ కొమ్ము మీద కాలు మోపిన గద్ద. వెండి మేలిమిది కావడంతో, అన్యదేవుడి బొమ్మ ఉన్నా యెరూషలేం దేవాలయం పన్నుకు దాన్నే పుచ్చుకుంది. యూదాకు ముట్టింది ఇదేనని మాత్రం సువార్తల్లో లేదు. అది పండితుల ఊహ. అమ్మేవాడు మనచేత ఆ ఊహకు కూడా ధర కట్టిస్తున్నాడు.

పోత పోసిన నకిలీకి అంచున అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ కనబడొచ్చు. అదే పగులు, అదే వంకరతో ఇంకో నాణెం ఎక్కడైనా కనిపిస్తే రెండూ వదిలేయండి. కానీ అసలు నాణెం నుంచి అచ్చు తీసి వెండి బిళ్ళ మీద గుద్దినదాన్ని భూతద్దం పట్టుకోలేకపోవచ్చు. ఆర్నాల్డ్-పీటర్ వైస్ సంగతే చూడండి. చేతి శస్త్రవైద్యుడు, పేరున్న నాణేల సేకర్త. 2012 జనవరిలో న్యూయార్క్ నాణేల మేళాలో అరెస్టయ్యాడు. సిసిలీలో కొత్తగా తవ్వితీసినవని తానే నమ్మిన ప్రాచీన గ్రీకు వెండి నాణేలు ఆయన దగ్గర దొరికాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే నకిలీవని తేలింది! అయినా కేసు వీగిపోలేదు. దొంగసొత్తని నమ్మి దగ్గర ఉంచుకోబోయినందుకు నేరం ఒప్పుకున్నాడు. అలాంటివాడే బోల్తాపడితే, టూరు బస్సు దిగి పది నిమిషాలు బేరమాడే మనమెంత?

ఇక నాణెం అసలుదే అయితే అది ఎక్కడిదన్న ప్రశ్న ఉంది. తూరు షెకెల్ మీద ముద్రించిన సంవత్సరం ఉంటుంది. దొరికినచోటే నమోదైతే పక్కనున్న గోడ వయసు లెక్కగట్టడానికి ఆధారమవుతుంది. రాత్రిపూట డిటెక్టర్‌తో తవ్వేవాడు వెండి తీసుకుని ఆ ఆధారాన్ని పాడుచేస్తాడు. యుద్ధం వస్తే ఇలాంటి చోట్లకు ముప్పు ఇంకా పెరుగుతుంది. లెబనాన్‌లో యుద్ధం మధ్య, 2024 నవంబరులో, తూరుతో సహా అక్కడి 34 వారసత్వ స్థలాలకు యునెస్కో అదనపు రక్షణ ప్రకటించాల్సి వచ్చింది. పొరుగునున్న సిరియా నుంచి 2011 మార్చి తర్వాత అక్రమంగా తరలించిన పురావస్తువుల వ్యాపారాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2015లోనే నిషేధించింది.

ఇజ్రాయెల్‌లో కొంటే అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించాలంటే అక్కడి పురావస్తు శాఖ అనుమతి కావాలి. పాత వేలం కేటలాగులో ఇదే నాణెం ఫొటో ఉందా అని అడగండి. "మా తాతగారి పెట్టెలోది" అన్నమాట కాగితం కాదు.

ఇప్పటికే కొనేశారా? చింతపండు పెట్టి తోమకండి. హడావిడిగా ఇంకొకరికి అంటగట్టకండి. బిల్లు, అమ్మినవాడి మెసేజ్‌లు భద్రంగా ఉంచి ముందు లాయర్ని కలవండి.