లాగడానికి ట్రాక్టరు సరే, ఆపడానికి?

వానాకాలం వరి కోతలు మొదలయ్యాయి. ఇక నెలన్నర పాటు కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మిల్లుకు ట్రాక్టర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. తాలు, తేమ పేరుతో పెట్టే తరుగు గురించి ఈ పేజీలో చాలాసార్లు రాశాం, మళ్లీ రాస్తాం. ఈసారి ఆ ధాన్యం మోసే ట్రాలీ సంగతి మాట్లాడుకుందాం.

లెక్క చూద్దాం. 40 కిలోల బస్తాలు 120 వేస్తే 48 క్వింటాళ్లు. ఖాళీ ట్రాలీ మరో టన్నున్నర ఉంటుంది. రెండు టన్నుల ట్రాక్టరు వెనుక ఆరు టన్నులకు పైగా బరువన్నమాట. లాగడం వరకు ఇబ్బంది లేదు. గేదె అడ్డం వచ్చినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. మన ఊళ్లలో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులు లేవు. ట్రాక్టరు ఆగుతుంది, వెనుక బరువు ఆగదు, తోసుకొస్తుంది. మలుపులో అయితే ట్రాక్టరును అడ్డం తిప్పి పడేస్తుంది.

పొలంలో మలుపు కోసం రెండు బ్రేకు పెడళ్లను విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపే గడియ వేయాలి. లేకపోతే ఒక చక్రమే పట్టి బండి పక్కకు గుంజుతుంది. దిగుడులో డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసేవారు ఇంకా ఉన్నారు. మిగిలేది గ్లాసు డీజిలు కూడా కాదు. చెరువు కట్టయినా, వంతెనయినా ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. ఆ గేరు కూడా దిగుడు మొదలు కాకముందే వేసుకోవాలి.

పిన్ను పోతే దాని చోట ఇనుప కడ్డీ ముక్క దూర్చి నెలల తరబడి నడుపుతున్నాం. గుంతలో ఎగిరితే అది పైకి లేచి వచ్చేస్తుంది. కింద చీల, పక్కన ఒక గొలుసు ఉంటే పిన్ను ఊడినా ట్రాలీ తన దారిన తాను పోదు.

కోతలప్పుడు వాన పడితే ట్రాక్టరు పొలంలోనే దిగబడుతుంది. ఊరు ఊరంతా చేరి తలా ఒక సలహా ఇస్తుంది. లాగే ట్రాక్టరుకు గొలుసును కింది డ్రాబారుకే కట్టాలి. టాప్ లింకుకో, ఇరుసు పైనో కడితే ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడుతుంది. క్లచ్చు తొక్కేంత వ్యవధి కూడా ఉండదు. దిగబడినదాని వెనుక చక్రాలకు దుంగ కట్టి గేరు వేయడం మరీ ఘోరం. చక్రం తిరగలేకపోతే ట్రాక్టరే తిరుగుతుంది. బిగిసిన గొలుసు తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది కనుక సలహాదారులంతా దూరంగా నిలబడాలి.

ఇక కూలీల సంగతి. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప ఏరడానికి పోతున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది, అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఇంచుమించు అందరూ ఆడవాళ్లే. వ్యవసాయ పనికని బీమా చేసిన బండిలో మనుషులను ఎక్కించారంటూ కంపెనీలు పరిహారానికి అడ్డం తిరుగుతాయి. చనిపోయినవారి ఇల్లూ, ట్రాక్టరు యజమాని ఇల్లూ రెండూ మునుగుతాయి.

ప్రమాదం జరిగిన మరునాడు డ్రైవరు నిర్లక్ష్యమని రాసుకుని అధికారులు చేతులు దులుపుకుంటారు. పొలాలకు పోయే దారిలో కూలీలకు బస్సేది? కేంద్రం దగ్గర రోజుల తరబడి వరుసలో నిలబెడితే రాత్రిపూట ట్రాలీని రోడ్డు మీద కాక ఎక్కడ పెట్టాలి? బ్రేకులు లేకుండా ట్రాలీ తయారుచేసి అమ్ముతుంటే అడిగేవారేరి? కొత్త ట్రాలీ ఏదీ బ్రేకులు లేకుండా అమ్మకుండా చూడాలని, పాతవాటికి అమర్చుకునేందుకు సబ్సిడీ ఇవ్వాలని, ప్రతి కొనుగోలు కేంద్రం దగ్గర బండ్లు నిలిపే స్థలం, దీపాలు ఏర్పాటు చేయాలని మన సంఘం కోరుతోంది.

అవి వచ్చేదాకా ఆగకుండా, మొదటి లోడు కదలకముందే గ్రామ కమిటీలు ఊళ్లోని ట్రాలీలన్నీ ఒక్కరోజు చూసిరావాలి. మంచి పిన్ను, గొలుసు, వెనుక అతికించే ఎర్ర రిఫ్లెక్టర్లు అన్నీ కలిపినా డీఏపీ బస్తా ధర దాటవు.