జడ వేసే పది నిమిషాలు

మా అమ్మాయివి రెండు జడలు. మడిచి, పైకి కట్టి, రిబ్బన్లు వేయాలి. బడిలో అదే పద్ధతి. పొద్దున ఏడున్నరకల్లా వాకిట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. వెనక మెట్టు మీద నేను. పక్కన కొబ్బరినూనె సీసా, దువ్వెన, ఒళ్లో రిబ్బన్లు. పాపిడి తీసి, చిక్కు విడదీసి, పాయలు అల్లి ముడి వేసేసరికి పది నిమిషాలు పడుతుంది. పొయ్యి మీద పోపు మాడుతున్నా, పిల్లాడు చెప్పు దొరకలేదని ఏడుస్తున్నా ఆ పది నిమిషాలు నేను లేవను.

ఎందుకంటే రోజు మొత్తంలో ఆ పిల్ల నాతో మనసు విప్పేది అప్పుడే. అన్నం దగ్గర అడిగితే "ఏం లేదమ్మా" అంటుంది. బడి నుంచి రాగానే అడిగితే "బానే ఉంది" అంటుంది. పీట మీద కూర్చుని నాకు వీపు పెట్టిందంటే మాత్రం మాటలు వాటంతటవే వస్తాయి. నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఇవాళ వేరే బెంచీకి ఎందుకు మారిందో, లెక్కల మేడం ఎవరి మీద విసుక్కుందో, రాత్రి తనకి ఏం కల వచ్చిందో. దీనికి కారణం మా ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా లేకపోవడమేనని నాకు చాలా రోజులకి గాని తెలియలేదు. నా కళ్లలో కోపం ఉందేమోనని తను వెతుక్కోనక్కర్లేదు. నా చేతులు తన జుట్టులోనే చిక్కుకుని ఉన్నాయి కాబట్టి మధ్యలో లేచి వెళ్లిపోతానన్న భయమూ లేదు.

నేను తెనాలిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతారు. పెద్దది ఏడో తరగతి, చిన్నవాడు ఒకటో తరగతి. 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వ పథకం 'తల్లికి వందనం' డబ్బులు పడ్డాయని ఫోనుకి మెసేజ్ వచ్చినప్పుడు నేను మిషను మీద ఉన్నాను. ఒక్కో పిల్లకి 15 వేలు. అందులో బడి బాగోగులకి 2 వేలు పోను 13 వేలు తల్లి ఖాతాలో వేస్తారు. జూన్ నెల ఖర్చులకి ఆ డబ్బు ఎంత ఆసరాయో పిల్లల్ని చదివించే ప్రతి ఇంటికీ తెలుసు. అయితే ఆ రోజంతా నా మనసులో తిరిగింది ఆ పేరు. తల్లికి వందనం. మదర్స్ డే వస్తే ఫోన్లన్నీ త్యాగమూర్తి, దేవత, కొవ్వొత్తిలా కరిగిపోయే అమ్మ అన్న మాటలతో నిండిపోతాయి. అవి పంపేవాళ్ల ప్రేమని నేను శంకించను. కానీ పన్నెండేళ్లుగా పిల్లల్ని పెంచుతున్న నాకు, నేను తరిగిపోయానని ఎప్పుడూ అనిపించలేదు. వాళ్లు పుట్టకముందు నాకు చేతకాని పనులు చాలా ఇప్పుడు చేతనవుతున్నాయి. వాటిలో సగం నాకు నేర్పింది వాళ్లే. ఆ సంగతి ఎవరూ రాయరు.

మా అమ్మ నాకు జడ వేసేది కాదు. మా ఊళ్లో పిల్లలందరికీ వాళ్ల అమ్మలు వేస్తుంటే నాకు నాయనమ్మ వేసేది. ఆమెకి చూపు ఆనక నా పాపిడి ఎప్పుడూ వంకరగానే ఉండేది. అమ్మ మిరప కల్లాల్లోకి కూలికి వెళ్లేది. గుంటూరు చుట్టుపక్కల పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా కాయ కోయడం, ఆరబెట్టడం, తాలుకాయలు ఏరడం, ముచ్చికలు తీయడం, చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తాయి. సాయంత్రం ఇంటికొచ్చిన అమ్మ చేతులు భగభగ మండుతుండేవి. మజ్జిగలో ముంచుకునేది, నూనె రాసుకునేది. నేను దగ్గరికి వెళ్తే "ముట్టుకోకే" అనేది. ఆ మాట నా మనసులో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. అమ్మకి నా మీద అంత ప్రేమ లేదేమో అనుకునేదాన్ని.

మా అమ్మాయికి మూడో నెలలో ఒకరోజు పచ్చడికి ఎండుమిరపకాయలు తుంచి, చెయ్యి కడుక్కున్నాను కదా అని పిల్ల మొహం తుడిచాను. అది గుక్కపట్టి ఏడ్చిన ఏడుపుకి నా ప్రాణం పోయినంత పనైంది. మిరప ఘాటు ఉత్త నీళ్లకి పోదు. నూనెకో పాలకో వదలాలి. పిల్ల ఏడుపు ఆపి నా ఒళ్లో నిద్రపోయాక, "ముట్టుకోకే" అన్న అమ్మ గొంతు మళ్లీ వినపడింది. రోజల్లా మిరపకాయల్లో ఉన్న చేతులు నా తల మీద, నా కళ్ల దగ్గర పెట్టకుండా ఆమె ఎన్నేళ్లు ఆపుకుందో! వెంటనే ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తెలియక "అన్నం తిన్నావా?" అని అడిగి పెట్టేశాను. తర్వాత పండక్కి పుట్టింటికి వెళ్లినప్పుడు ఆమె ముందు పీట వేసుకుని కూర్చుని "జడ వెయ్యమ్మా" అన్నాను. అప్పటికి నాకు 29 ఏళ్లు. అమ్మ ఏమీ అడగలేదు. లోపలికెళ్లి నూనె సీసా తెచ్చుకుంది.

చిన్నవాణ్ణి నేనొక్కదాన్నే పెంచానంటే అబద్ధమే అవుతుంది. వాడు మా వీధి అంగన్‌వాడీలో పెరిగాడు. దేశంలో ఆ కేంద్రాలకి పునాది పడింది 1975 అక్టోబరు 2న. యాభై ఏళ్లు నిండాయి. ఆ గుమ్మంలో పిల్లని దింపి పనికి పరిగెత్తిన తల్లులు ఎందరుంటారో! 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు జీతాలు పెంచమని సమ్మె చేశారు. 42 రోజులు సాగింది. వాడికప్పుడు నాలుగేళ్లు. నేను మిషను తొక్కుతుంటే కింద దూరి నా కాలు పట్టుకునేవాడు. సూదులు, కత్తెర, హుక్కులు వాడికి అందకుండా చూసుకోవడంతోనే పొద్దుపోయేది. రోజుకి నాలుగు జాకెట్లు కుట్టేదాన్ని, రెండు కూడా పూర్తయ్యేవి కావు. అప్పట్లో నెలకి 7 వేలకి ఆయా ఎంత పని చేస్తోందో నాకు ఆ రోజుల్లో లెక్కకొచ్చింది. సమ్మె ముగిసి తలుపులు తెరిచిన రోజు వాడు పరిగెత్తుకెళ్లి ఆమె కుచ్చిళ్లలో మొహం దాచుకున్నాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ ఉగాదికి ఆమె జాకెట్ లైనింగ్ వేసి కుట్టిచ్చాను, కూలి తీసుకోలేదు. కృతజ్ఞత చూపడానికి నాకు తెలిసిన దారి అదే.

కిందటి శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం ఇంకో వారం ఉందనగా, బట్టలుతికే బండ దగ్గర నాచు మీద జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కుట్టుపనివాళ్లకి శ్రావణమంటే చేతి నిండా డబ్బు ఆడే నెల. ఒప్పుకున్న జాకెట్లన్నీ వీధి చివర ఇంకొకామెకి ఇచ్చేశాను. ఇల్లు గడవడం కష్టమే అయినా దాన్ని ఎలాగో సర్దుకున్నాం. జడల దగ్గరే ఎటూ తోచలేదు. అత్తయ్యకి చేతులు వణుకుతాయి. "కత్తిరించేద్దామా తల్లీ?" అన్నాను. పిల్ల మొహం చూసి మా ఆయనే "నేను వేస్తాలే" అన్నారు.

రోజూ తెల్లవారుజామున ఐదింటికే స్టేషన్ దగ్గరికి బండి తీసుకెళ్లే మనిషి, ఆ ఆరు వారాలూ ఏడింటికి తిరిగొచ్చేవారు. మొదటి రోజు రెండు జడలకీ నలభై నిమిషాలు పట్టింది. తాడు పేనినట్టు పేనారు. నేను పక్కన కుర్చీలో కట్టుతో కూర్చుని, "చిక్కు కుదుళ్ల దగ్గర లాగకండి, కొసల నుంచి పైకి రండి" అని చెబుతుంటే శ్రద్ధగా విన్నారు. రెండో వారానికి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. వంటింట్లోకి వచ్చేశాను. వాకిట్లోంచి మాటలు వినపడేవి, ఏమిటో తెలిసేది కాదు. నవ్వులు వినపడేవి. నిజం చెప్పాలంటే నాకు కష్టంగా ఉండేది, నా చోట్లో ఇంకెవరో కూర్చున్నట్టు. ఎడమ చేత్తో కూర కలుపుతూ చెవులు వాకిట్లో పెట్టేదాన్ని.

నాలుగో వారంలో ఒక రాత్రి, పిల్లలు పడుకున్నాక ఆయన చెప్పారు. "అమ్మాయికి బోర్డు కనపడటం లేదట. పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుంటోందట. ఏడాది పైనే అయిందట." నాకు నోట మాట రాలేదు. రోజూ జడ వేసేది నేను కదా, మరి నాతో ఎందుకు చెప్పలేదు? ఆయన కాసేపు ఊరుకుని మిగతాది నెమ్మదిగా చెప్పారు. పక్కింటివాళ్లమ్మాయి కొత్తగా కళ్లజోడు పెట్టుకుని వచ్చినప్పుడు నేనన్నానట, "అయ్యో, ఆడపిల్లకి ఈ వయసులోనే సోడాబుడ్డి అద్దాలా, రేపు పెళ్లెలా అవుతుంది?" అని. అన్నట్టు నాకు గుర్తే లేదు. దానికి మాట మాట గుర్తుంది.

మా ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల ముందు తప్పు ఒప్పుకోగా నేను చూడలేదు. మా అమ్మ గానీ నాయనమ్మ గానీ "తప్పు నాదే" అనగా వినలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, మర్నాడు పొద్దున జడ వేస్తున్న ఆయన్ని లేపి పిల్ల వెనక నేను కూర్చున్నాను. కట్టు ఉన్న చెయ్యి దాని భుజం మీద పెట్టాను. "కళ్లజోడు గురించి నేనన్న మాట తప్పు తల్లీ. అలా అనకూడదు" అన్నాను. అది వెనక్కి తిరగలేదు. కొంచెంసేపటికి, "నీకు కూడా సూదిలో దారం ఎక్కట్లేదు కదమ్మా" అంది.

నిజమే. రెండేళ్లుగా దారం ఎక్కించడానికి దాన్నే పిలుస్తున్నాను. నలభై దాటితే వచ్చేది కనకే మనవాళ్లు దాన్ని చత్వారం అన్నారు. తెలిసి కూడా, ఈ నెల ఫీజులు కట్టనీ, పై నెల చూద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను. నా కళ్ల సంగతి నేను ఎలా దాచానో తన కళ్ల సంగతి తనూ అలాగే దాచింది. అది ఆ విద్య నా దగ్గరే నేర్చుకుంది. ఆ శనివారం ఇద్దరం వెళ్లి పరీక్ష చేయించుకున్నాం. దానికి దూరపుచూపు లేదు, నాకు దగ్గరచూపు లేదు. జోళ్లు వచ్చిన రోజు షాపు మెట్లు దిగుతూ అది వేపచెట్టు వైపు చూసి ఆగిపోయింది. "అమ్మా, ఆకులు విడివిడిగా కనపడుతున్నాయి" అంది. ఏడాది పైగా నా పిల్ల చెట్టుని ఒక పచ్చటి ముద్దలా చూస్తోందన్నమాట.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 88 నిమిషాలని తేలింది. ఆ 88 కూడా ఎంతోకొంత ఇంటిపని చేసే మగవాళ్ల లెక్కే. అసలు చేయి పెట్టనివాళ్లు అందులో లేరు. ఈ అంకెలు చూసినప్పుడల్లా మనం భారం గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడాలి, నడుం నొప్పి నాకూ ఉంది. కానీ ఆ ఆరు వారాల తర్వాత ఆ అంకెల్లో నాకు ఇంకొకటి కూడా కనపడుతోంది. పనికి ఎడంగా ఉన్న తండ్రి పిల్లల మాటకి కూడా ఎడంగా ఉండిపోతున్నాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు ఏమీ చెప్పరు. జడ వేస్తుంటే, గోళ్లు తీస్తుంటే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, కడిగిన గిన్నెలు అందిస్తుంటే చెబుతారు. మా ఆయన పిల్లలకి ఏ లోటూ రానివ్వని మనిషి. అయినా కూతురి మనసులో మాట వినే చోటు ఆయనకి పన్నెండేళ్లకి దొరికింది, అదీ నా చెయ్యి విరిగాక. ఇందులో నా తప్పూ ఉంది. "మీకు రాదు, లేవండి" అని ఆయన చేతిలో దువ్వెన లాక్కున్న రోజులున్నాయి.

ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచుతూ 2017లో చట్టం సవరించారు. మంచి పని. తండ్రికి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి సెలవు ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టం లేదు. ఆటో నడిపేవాళ్లకి, ఇంట్లో జాకెట్లు కుట్టుకునేవాళ్లకి ఏదీ వర్తించదు. బిడ్డ పక్కన ఉండాల్సింది ఎవరో మొదటి నెలలోనే అలా తేలిపోతోంది, ఆ తర్వాత పన్నెండేళ్లయినా మారదు. బిడ్డకి నీళ్లు పోయడం, జోకొట్టడం చేతికి అలవాటయ్యేన్ని రోజులు తండ్రికీ సెలవు ఇమ్మని నేను అడుగుతున్నాను. మా బోటి కూలినాలి వాళ్లకి ఆ రోజులకి కొంత భృతి ఇమ్మని అడుగుతున్నాను. బళ్లు కూడా కబురు తండ్రి ఫోనుకి పంపాలి. 2025 జులై 10న రాష్ట్రమంతా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కి మా ఇంటి నుంచి నేనే వెళ్లాను. ఆయన గేటు దగ్గర దింపి బండి తిప్పుకుని వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన లోపలికి వచ్చి, కూతురు ఏ బెంచీలో కూర్చుంటోందో చూసి ఉంటే బాగుండేది.

కట్టు విప్పాక జడలు ఇక నేనే వేస్తానన్నాను. పిల్ల ఒప్పుకోలేదు. రోజులు అదే పంచింది. సోమ, బుధ, శుక్రవారాలు నావి. మంగళ, గురు, శనివారాలు నాన్నవి. ఆయన వేసిన జడ కాస్త వదులు, సాయంత్రానికి ఒక రిబ్బను జారి ఉంటుంది. ఆ రోజుల్లో నేను కళ్లజోడు పెట్టుకుని మిషను దగ్గర కూర్చుని దారం నేనే ఎక్కించుకుంటాను. వాకిట్లో వాళ్లేం మాట్లాడుకుంటున్నారో అని ఇప్పుడు చెవి పెట్టను.

నిన్న బుధవారం. రెండో జడకి ముడి వేస్తుండగా నాకు ఒక మాట చెప్పింది. అది ఇక్కడ రాయను. చెప్పి, "నాన్నకి నువ్వు చెప్పకు, రేపు నేనే చెబుతా" అంది.

ఇవాళ గురువారం. పీట వేసుకుని కూర్చుంది. వీధి మలుపులో ఆయన ఆటో చప్పుడు వినపడుతోంది.