వట్టి కాళ్ల పరుగు.. తొందరే అసలు ముల్లు

'బూట్లు విప్పేసి పరుగెత్తితే మోకాళ్ల నొప్పులు పోతాయట కదా!' పొద్దున్నే పార్కుల్లోనూ, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఈ మాట ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. హైదరాబాద్, విశాఖపట్నం మారథాన్లలో 10 కిలోమీటర్లకో, 21 కిలోమీటర్లకో పేరిచ్చేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లలో కొందరికి ఏదో ఒక వీడియో చూశాక బూట్ల మీద అనుమానం పుడుతుంది. ఆదివారం ఉదయం వాటిని ఇంట్లో వదిలేసి రోడ్డెక్కుతారు. సోమవారం ఆఫీసు మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకుంటారు. మంగళవారానికి రెండు తీర్పులు వచ్చేస్తాయి. 'ఇదంతా పిచ్చి' అని ఇంట్లోవాళ్లు, 'నొప్పి వస్తేనే ఫలితం' అని తోటి రన్నర్లు.

నా దృష్టిలో రెండూ తప్పే. వట్టి కాళ్ల పరుగు పిచ్చీ కాదు, సర్వరోగ నివారిణీ కాదు. అదొక కొత్త పని. దాన్ని నేర్చుకోవడానికి పాదానికి నెలల గడువు కావాలి. ఆ గడువు ఇచ్చే ఓపిక లేనివాళ్లు బూట్లు విప్పకపోవడమే మంచిది.

బికిలా కథలో సగమే చెబుతున్నారు

వట్టి కాళ్ల పరుగు గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ఇథియోపియా వీరుడు అబెబె బికిలా పేరెత్తుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఆయన చెప్పుల్లేకుండా 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పరుగు ముగించి, స్వర్ణం గెలిచాడు. అప్పటికి అది ప్రపంచంలోనే అత్యుత్తమ సమయం. ఇంతవరకూ అందరూ చెబుతారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అదే బికిలా బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ గెలిచాడన్న సంగతి మాత్రం చాలామంది చెప్పరు. అపెండిక్స్ ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే ఆయన ఆ పరుగు పూర్తిచేశాడు. రెండుసార్లూ గెలిపించింది ఏళ్ల తరబడి చేసిన సాధన. కాలికి ఏముందన్నది ఆ తర్వాతి మాట.

మన దేశంలో మిలింద్ సోమన్‌ను చూపించి ఉత్సాహపడేవాళ్లూ ఎక్కువే. 2017లో ఫ్లోరిడాలో జరిగిన అల్ట్రామ్యాన్ పోటీలో ఆయన చివరి రోజు 84 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా పరుగెత్తారు. ఆయన చిన్నప్పుడే జాతీయ స్థాయి ఈతగాడు.  ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చుని, నలభై దాటాక పరుగు మొదలుపెట్టిన మనం ఆయన ఫొటో చూసి బూట్లు విప్పితే ఎలా?

భారం పోదు, చోటు మారుతుంది

హార్వర్డ్ పరిశోధకుడు డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో 'నేచర్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. మెత్తటి బూట్లు వేసుకున్నవాళ్లు ఎక్కువగా మడమ ముందు ఆనేలా అడుగు వేస్తారు. చిన్నప్పటి నుంచీ వట్టి కాళ్లతో పరుగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగాన్ని ఆనిస్తారు. అలా ఆనించినప్పుడు, మడమ నేలను తాకగానే తగిలే ఆ ఒక్కసారి దెబ్బ దాదాపు ఉండదు. 'మోకాళ్ల నొప్పులు పోతాయి' అన్న ప్రచారానికి మూలం ఇదే. అయితే ఆ అధ్యయనం గాయాలు తగ్గుతాయని తేల్చలేదు. ఆ సంగతి ప్రచారంలో ఎక్కడో జారిపోయింది.

ముందుపాదం మీద దిగినప్పుడు మోకాలి మీద పడే భారం కొంత తగ్గే మాట నిజమే. ఆ భారం గాలిలో కలిసిపోదు. పిక్కల మీదకు, మడమ వెనకుండే ఎకిలిస్ టెండన్ మీదకు, వేళ్ల వెనకుండే సన్నటి పాదపు ఎముకల మీదకు వెళుతుంది. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. టెండన్‌కు, ఎముకకు నెలలు పడుతుంది. చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. పిక్కలు 'నేను రెడీ' అంటాయి, వాటిని నమ్మి దూరం పెంచేస్తాం. ఎముక అప్పటికింకా సిద్ధమై ఉండదు.

అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే బయటపడింది. బాగా అలవాటున్న రన్నర్లలో కొందరిని, పాదానికి తొడుగులా ఉండే పల్చటి బూట్లకు 10 వారాల్లో మార్చి చూశారు. ఎంఆర్ఐ తీస్తే వాళ్లలో సగానికి పైగా మందికి పాదపు ఎముకల లోపల వాపు పెరిగింది. ఎముకలో సన్నటి చీలిక రావడానికి ముందు కనిపించే లక్షణాల్లో అదొకటి. అలాంటి బూట్లు అమ్మే వైబ్రమ్ కంపెనీ, ఆరోగ్యం మీద చేసిన ప్రకటనలకు ఆధారాలు లేవంటూ వేసిన దావాలో 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. మరోపక్క, పదిహేను వేల రూపాయల మెత్తటి బూటు కొంటే గాయాలు తగ్గుతాయనడానికీ గట్టి ఆధారం లేదు. కాబట్టి ఏ పక్క ప్రకటననైనా అనుమానంతోనే చూడాలి.

'మా తాతకు చెప్పులే లేవు'

మన ఇళ్లలో వినిపించే వాదన ఇది. తాతగారు పుట్టినప్పటి నుంచీ చెప్పుల్లేకుండానే నడిచారు. పొలం గట్ల మీద, మట్టి బాటల మీద తిరిగారు. ఆయన పాదం డెబ్బై ఏళ్లపాటు రోజూ సాధన చేసింది. మన పాదం ఎల్‌కేజీ నుంచి నల్లబూట్లలో పెరిగి, టైల్స్ మీద తప్ప నడవలేదు. దాన్ని తీసుకెళ్లి సిమెంటు రోడ్డు మీద పది కిలోమీటర్లు పరుగెత్తించి, తాతను సాక్ష్యానికి పిలవడం న్యాయం కాదు. పైగా ఆ రోజుల్లో కొంకిపురుగులు మట్టిలోంచి వట్టి పాదాల ద్వారానే ఒంట్లోకి చేరి, ఎందరినో రక్తహీనతతో పీడించేవి.

తాత వాదనలో నిజం లేకపోలేదు. అది పనికొచ్చేది పిల్లల విషయంలో. కర్ణాటక వైద్యులు 2,300 మంది పిల్లల పాదాలు పరిశీలించి 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి అరికాలి వంపు లేని చదును పాదాలు ఉంటే, వేసుకోని పిల్లల్లో అది 2.8 శాతమే. పాదం బలపడే వయసు అది. శుభ్రమైన ఇసుకలోనో, గడ్డిలోనో, డాబా మీదో పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకుంటుంటే 'చెప్పులేసుకో' అని ప్రతిసారీ కేకేయనక్కర్లేదు.

నొప్పిని చదవడం నేర్చుకోవాలి

అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరినవాళ్లకు ఆయాసమొస్తుంది. అవే మెట్లు నడిచి దిగినవాళ్లకు మర్నాడు తొడలు, పిక్కలు పట్టేస్తాయి. ఎక్కడం కష్టం కదా, దిగినందుకు నొప్పులేమిటి? దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువు ఆపాలి. ఆ పనిలో దాని పోగుల్లో కంటికి కనిపించనంత సన్నటి చిరుగులు పడతాయి. వాటిని శరీరం బాగుచేసుకునే క్రమంలో వచ్చేదే ఆ నొప్పి. ముందుపాదం మీద దిగే పరుగులో పిక్కలు అడుగడుగునా ఈ పనే చేస్తాయి. 'లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది' అన్నది పాత మాట. అది పరుగు ఆపిన గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి సర్దుకుంటుంది. మర్నాడు వచ్చే నొప్పికి అది కారణం కాదు.

మామూలు కండరాల నొప్పిని గుర్తుపట్టడం తేలికే. పరుగెత్తిన కొన్ని గంటల తర్వాత మొదలై, రెండో రోజో మూడో రోజో బాగా ముదురుతుంది. రెండు కాళ్లలోనూ ఉంటుంది. 'ఇదిగో ఇక్కడ' అని చూపించలేనట్టుగా కండరమంతా పరుచుకుని ఉంటుంది. నాలుగడుగులు నడిస్తే కాస్త తేలికవుతుంది. ఐదారు రోజుల్లో దానంతటదే పోతుంది. దీనికి భయపడనక్కర్లేదు. అదే శ్రమను కొన్ని రోజుల తర్వాత మళ్లీ చేస్తే నొప్పి తగ్గుతుంది. కండరం పాఠం నేర్చుకున్నట్టు లెక్క.

భయపడాల్సిన నొప్పి వేరు. ఒక్క కాలిలోనే ఉండటం, వేలితో నొక్కితే ఒకే చోట ఎముక మీద చురుక్కుమనడం, పాదం పైభాగంలో వాపు, పొద్దున మంచం దిగగానే మడమలో పోటు, కుంటుతూ నడవాల్సి రావడం.. వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించాలి. ఎముకలో సన్నటి చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. 'ఎక్స్‌రే బాగానే ఉంది' అని మళ్లీ రోడ్డెక్కడం ప్రమాదం. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉన్నా, పరుగు తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మొదటిది రక్తనాళంలో గడ్డకు, రెండోది కండరం తీవ్రంగా దెబ్బతిని కిడ్నీల మీద భారం పడటానికి సూచన కావచ్చు.

మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు నొప్పి మాత్ర. ఆదివారం పరుగుకు ముందే ఒకటి వేసుకునేవాళ్లూ ఉన్నారు. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు కిడ్నీలకు హాని చేస్తాయి. బీపీ మందులు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పైగా ఎముక చేసే హెచ్చరిక మనకు వినబడకుండా పోతుంది. స్ట్రెచింగ్ వల్ల కూడా ఈ నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గదని పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి. మెల్లగా నడవడం, గోరువెచ్చటి నీళ్ల స్నానం, గట్టిగా నొక్కకుండా నూనె మర్దన హాయినిస్తాయి. కండరాన్ని బాగుచేసేవి మాత్రం నిద్ర, పప్పు, గుడ్డు, పెరుగు లాంటి మాంసకృత్తులున్న తిండి, కాస్త విరామం.

వారం ఎలా సాగాలి?

ఇప్పటికే బూట్లతో వారానికి మూడు నాలుగు రోజులు హాయిగా పరుగెత్తుతున్నవాళ్లకు మాత్రమే ఈ లెక్క. పరుగే కొత్తయితే ముందు బూట్లతో కొన్ని నెలలు గడవనివ్వండి.

మొదటి మూడు వారాలు పరుగు వద్దు. రోజూ ఇంట్లో, డాబా మీద 20 నిమిషాలు చెప్పుల్లేకుండా నడవండి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ పైకెత్తి నెమ్మదిగా దించండి. ఒక్కో కాలికి వరుసగా 20 సార్లు చేయగలిగితేనే తర్వాతి మెట్టు.

నాలుగో వారం నుంచి మంగళ, శుక్రవారాల్లో బూట్ల పరుగుకు ముందు, కాళ్లు అలసిపోకముందే, 400 మీటర్లు వట్టి కాళ్లతో. అంటే స్టేడియం ట్రాక్ మీద ఒక్క రౌండు. అడుగులు చిన్నవిగా, చప్పుడు కాకుండా పడాలి. మడమ నేలను తాకకూడదని మునివేళ్ల మీదే పరుగెత్తొద్దు, అది మెల్లగా ఆనాలి. తర్వాత బూట్లు వేసుకుని మిగతా దూరం పూర్తిచేయండి. ఆదివారం దూరపు పరుగు బూట్లతోనే. సోమవారం విశ్రాంతి.

వారానికి 200 మీటర్ల చొప్పున పెంచండి. ఎనిమిదో వారం, పన్నెండో వారం పెంచకుండా ఆగండి. క్రితంసారి నొప్పి పూర్తిగా తగ్గకపోతే ఆ రోజు బూట్లతోనే వెళ్లండి. ఇలా మూడు నెలలు గడిచేసరికి మీరు వట్టి కాళ్లతో పరుగెత్తగలిగేది 1,600 మీటర్లు. 'ఇంతేనా?' అనిపిస్తుంది. ఇంతే! అక్కడి నుంచి పది కిలోమీటర్లకు ఏడాది పట్టినా ఆలస్యం చేసినట్టు కాదు.

వెలుతురు వచ్చాక, నేల కనిపించే చోటే పరుగెత్తండి. ఎండాకాలం ఎనిమిదింటికల్లా తారురోడ్డు కాలుతుంది, అంతకుముందే ముగించండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. ఇంటికి రాగానే కాళ్లు కడిగి, అరికాళ్లు చూసుకోండి.

షుగర్ ఉంటే ఈ ప్రయోగం వద్దు

ఇక్కడ మాత్రం నాకు మధ్యే మార్గం లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. గాజుపెంకు గుచ్చుకున్నా, కాలిన నేల బొబ్బలెక్కించినా తెలియదు. పైన చెప్పిన సలహాలన్నీ నొప్పి తెలుస్తుందన్న నమ్మకం మీద ఆధారపడ్డవే. నొప్పే తెలియని పాదానికి అవి పనిచేయవు. చిన్న పుండు ముదిరి వేళ్లు, పాదం తీసేయాల్సిన స్థితి వచ్చిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. అయ్యప్ప దీక్షలో చెప్పుల్లేకుండా తిరిగే మధుమేహులకూ ఇదే ముప్పు. మాల వేసుకునే ముందు డాక్టర్‌తో ఒక్కమాట మాట్లాడితే మంచిది.

షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ సలహాతో, సరిపడా బూట్లతో నిక్షేపంగా నడవొచ్చు, పరుగెత్తొచ్చు. కాళ్లలో రక్తప్రసరణ తక్కువగా ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, మడమ నొప్పితో బాధపడుతున్నవాళ్లు కూడా బూట్లు వదలొద్దు. నలభై దాటినవాళ్లు బూట్లు విప్పాలనుకుంటే ముందుగా షుగర్ పరీక్ష, సన్నటి నైలాన్ పోగుతో పాదం స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. ఆ రెండూ బాగుంటే ట్రాక్ మీద ఒక్క రౌండుతో మొదలుపెట్టండి. బాగాలేకపోతే మంచి బూట్లు కొనుక్కోండి. రెండు దారుల్లోనూ పరుగు పరుగే, గుండెకు దక్కే మేలూ మేలే.