మసి ఇంటికొస్తుంది

కుందుర్పి పల్లెల్లో ఎండాకాలం వేరుశనగ కట్టె వామి అంటుకుంటే, ఫైరింజన్ వచ్చేలోపు ఊరే వేపమండలు, బిందెలతో మంటకు ఎదురు నిలుస్తుంది. పక్కన చుట్టిపెట్టిన డ్రిప్పు పైపులూ కాలాయా, నల్లటి పొగ గొంతు పట్టేస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తినే పొగాకు, ఆస్బెస్టాస్‌ల సరసన మొదటి గ్రూపు క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. అందరూ మాస్కుల గురించే అడుగుతారు. నా దిగులంతా చొక్కా గురించి. విషం ముక్కులోంచే కాదు, చర్మం గుండానూ ఒంట్లోకి దిగుతుంది. మంట ఆరాక ఫైర్‌మన్ తన మెడ వెనక, చెవుల సందున మిగిలిన మసిని తువ్వాలుతో తుడుచుకుని ఆ యూనిఫారంతోనే ఇంటికెళ్తే, దాన్ని పిల్లల బట్టలతో కలిపి ఉతికేది ఇల్లాలు. ప్రతి ఫైర్ స్టేషన్లో స్నానాల గది, బట్టలుతికే మిషను, ఇంకో జత యూనిఫారం ఉండాలి. నీళ్లకు కటకటలాడే సీమే మాది, అయినా మంట మీద పోసే ట్యాంకరులో నాలుగు బిందెలు ఆ మనిషి ఒంటికి మిగల్చమంటున్నాను.