పూడిక ఎవరు తీస్తారు?

మా ఊళ్ళో (అంటే అమెరికాలో మా ఊరు, శాన్ హోసే పక్కన) తెలుగువాళ్ళ పాట్‌లక్‌కి వెళ్ళినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. పులిహోర, గుత్తివంకాయ అయ్యి పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు మొదలుపెడతారు. "ప్రపంచంలో సాఫ్ట్‌వేర్ అంతా మనవాళ్ళే నడుపుతున్నారండీ. మనం ఒక్కరోజు మానేస్తే అన్నీ ఆగిపోతాయి." అందరం తలలూపుతాం. చాలా ఏళ్ళు నేనూ ఊపాను. ఇప్పుడు ఊపటం లేదు. ఎందుకో చెప్తాను. చదివి మీకు కోపం వస్తే రానివ్వండి. ముందు నా మీద నాకే వచ్చిన కోపం ఇది.

2014 వేసవి. మావాడు చంటిపిల్లాడు. వాడు పడుకున్నాక, రాత్రి పదిన్నరకి, అమలాపురంలో ఉన్న అమ్మతో కంప్యూటర్లో మాట్లాడేవాణ్ణి. అది నేనే కూర్చుకున్న డెస్క్‌టాప్, దాంట్లో లినక్స్. వాడు లేవకుండా ఉండాలని బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకుని, గదిలో అటూ ఇటూ తిరుగుతూ గుసగుసగా మాట్లాడటం అలవాటు. ఒక శనివారం లినక్స్ కొత్త వెర్షన్‌కి మారాను. ఆ రాత్రి అమ్మ గొంతు శుభ్రంగా వినబడింది. నా గొంతు మాత్రం ఆవిడకి చేరలేదు. హెడ్‌సెట్‌లో మైకు ఉందన్న సంగతే కంప్యూటర్ మరిచిపోయింది. "ఒరేయ్, ఉన్నావా? మాట్లాడవేంరా? కోపం వచ్చిందా?" అని అమ్మ అడుగుతూనే ఉంది. నేను తెర ముందు చేతులు ఊపుతూ నిలబడ్డాను.

ఆ రాత్రే ఒక బగ్ రిపోర్టు రాశాను. రిపోర్టు కాదు, తిట్ల దండకం. పనిచేస్తున్నదాన్ని పాడు చెయ్యటానికేనా కొత్త వెర్షన్లు తెచ్చేది, అని. మర్నాటికల్లా జవాబొచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి, ఎంతో మర్యాదగా, మీ హెడ్‌సెట్ మోడల్ ఏమిటి, బ్లూటూత్ ఎడాప్టర్ ఏది, ఫలానా కమాండ్ కొట్టి వచ్చిన లాగు పంపగలరా, అని అడిగారు.

నేను పంపలేదు. బిజీ. ఆ వారం గంటకింతని క్లయింటుకి బిల్లు వేస్తూ నేను చేస్తున్న పనేమిటో తెలుసా? లాగులు చదవటం.

హెడ్‌సెట్ పనిచెయ్యటం ఎంతసేపు, మీట నొక్కితే చాలదా అనుకునేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. సౌండ్ సర్వర్ అంటే, పాట, ఫోన్ కాల్, గంట మోత, ఇలా ఒకేసారి పుట్టే శబ్దాలన్నిటినీ కలిపి, ఏది ఏ స్పీకర్‌కి పోవాలో చూసుకునే ప్రోగ్రాం. లెన్నార్ట్ పోటరింగ్ 2004లో మొదలుపెట్టిన పల్స్ఆడియో అలాంటిది. 2007, 2008 నాటికి పెద్ద లినక్స్ పంపిణీల్లోకి వచ్చేసింది. వైరున్న హెడ్‌ఫోన్ దానికి ఇంటి అల్లుడి లాంటిది, ఎప్పుడూ ఒకచోటే ఉంటుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ అలా కాదు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు బ్యాటరీ అయిపోయి మాయమవుతుందో తెలియదు. పైగా దానికి రెండు వేషాలు. పాటలు వినే వేషంలో రెండు చెవులకీ మంచి శబ్దం వస్తుంది కానీ దారి ఒకవైపే, మైకు లేదు. మాట్లాడే వేషంలో మైకు ఉంటుంది కానీ శబ్దం నూతిలోంచి వచ్చినట్టుంటుంది.

దానికి కారణం రేడియోలో ఉంది. బ్లూటూత్ కాలాన్ని 625 మైక్రోసెకన్ల గడులుగా కోస్తుంది. పాత పద్ధతి మాటల లింకులో ప్రతి ఆరు గడులకీ ఒకసారి, ఒక్కోవైపు 30 బైట్లు పోతాయి. అంటే సెకనుకి 64 కిలోబిట్లు, 8,000 శాంపిళ్ళు. ఆ లెక్కన 4,000 హెర్ట్‌జ్ దాటిన శబ్దం ఏదీ అవతలికి చేరదు. మన "స" అక్షరంలోని చప్పుడు చాలావరకు అంతకి పైనే ఉంటుంది. అందుకే అమ్మ "సరే" అంటే నాకు "ఫరే" అన్నట్టుండేది. దీనికి తోడు హెడ్‌సెట్ లోపలి గడియారానికీ కంప్యూటర్ గడియారానికీ పొత్తు కుదరదు. తేడా రవ్వంతే, కానీ అది పేరుకుంటే కాసేపటికి శబ్దం తెగటం, చిటపటలు మొదలు. ఇవన్నీ సర్ది, కాల్ రాగానే ఒక వేషం విప్పి రెండోది వేయించి, పైనున్న ప్రోగ్రాంకి ఆ సంగతే తెలియకుండా చూడాలి. ఒక్కొక్క తయారీదారుడి హెడ్‌సెట్ ఒక్కొక్క రకంగా మొరాయిస్తుంది.

ఈ పని మొదట ఎవరు చేశారు? 2008 వేసవిలో, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ పథకం కింద, ఒక బ్రెజిల్ విద్యార్థి. ఆ ఏడాది ఆ పథకంలో విద్యార్థికి మొత్తం వేసవికి ఇచ్చిన భత్యం 4,500 డాలర్లు. అదే ఏడాది నా రెండు వారాల పనికి మా కంపెనీ క్లయింటు దగ్గర వసూలు చేసింది అంతకన్నా ఎక్కువ. నాకూ కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ ఉంది.

ఆ తర్వాతి కథ కూడా చెప్పాలి. లినక్స్‌లో బ్లూటూత్ సంగతి చూసే బ్లూజీ, 2012 డిసెంబరులో వచ్చిన అయిదో వెర్షన్లో, హెడ్‌సెట్ మాటల బాధ్యత వదిలేసి బయటివాళ్ళకి అప్పగించింది. 2014 మార్చిలో వచ్చిన పల్స్ఆడియో 5.0 ఆ కొత్త బ్లూజీతో పాటల వేషం మాత్రమే వేయించగలిగింది. నా మైకు మాయమైంది ఆ సందులోనే. 2015 ఫిబ్రవరిలో 6.0 వచ్చాక మైకు మళ్ళీ పలికింది. నేను పంపని లాగులు ఎవరో పంపి ఉంటారు. ఎవరో రాత్రిళ్ళు కూర్చుని రాసి ఉంటారు. నేను అప్‌డేట్ మీట నొక్కి, "హమ్మయ్య" అనుకున్నాను. థాంక్స్ కూడా చెప్పలేదు.

నేను కోనసీమవాణ్ణి. కాటన్ దొర విగ్రహానికి దండ వెయ్యటం మాకు బాగా తెలుసు. కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోయి శివారు పొలాలకి నీళ్ళు అందకపోతే, గట్టు మీద నిలబడి గవర్నమెంటుని తిట్టటం కూడా బాగా తెలుసు. పూర్వం చెరువు పూడిక తియ్యాలంటే ఇంటికొక మనిషి పలుగూ పారా పట్టుకుని వెళ్ళేవాడని తాతయ్య చెప్పేవాడు. వెళ్ళనివాడికి నీళ్ళు ఆపేవారా అని అడిగితే, "ఆపక్కర్లేదురా, వాడికే మొహం చెల్లేది కాదు" అనేవాడు. మనకి మొహం ఎలా చెల్లుతోంది?

ఈ మాటంటే వచ్చే జవాబులన్నీ నాకు తెలుసు. అవన్నీ నేను వాడినవే.

"టైము లేదండీ." క్రికెట్ లీగుకి ఉంది. ఇళ్ళ ధరల గురించి వాదించుకోటానికి ఉంది.

"కంపెనీ కాంట్రాక్టు ఒప్పుకోదు." చదివారా? మా కాలిఫోర్నియా లేబర్ కోడ్‌లో 2870 అనే సెక్షన్ ఉంది. సొంత సమయంలో, కంపెనీ సరంజామా ముట్టుకోకుండా, కంపెనీ వ్యాపారంతోనూ, అక్కడ చేసే పనితోనూ సంబంధం లేకుండా తయారుచేసుకున్నది ఉద్యోగిదే అంటుంది. మీ రాష్ట్రంలో వేరేగా ఉండవచ్చు. అడిగి తెలుసుకోండి. అడగకుండా భయపడటం మనకి సౌకర్యంగా ఉంది, అంతే.

"హెచ్-1బి మీద ఉన్నాం." ఇది మాత్రం కొట్టిపారేసే మాట కాదు. స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకొకరికి జీతానికి పని చెయ్యకూడదు. ఆ భయం ఎలాంటిదో అనుభవించినవాణ్ణి. అనుమానముంటే లాయర్ని అడగండి. కానీ మనింట్లో పాడైన వస్తువు ఎలా పాడైందో నాలుగు వాక్యాల్లో రాసి, లాగు జతచెయ్యటం ఉద్యోగం కాదు. పైగా గ్రీన్ కార్డులూ పౌరసత్వాలూ వచ్చినవాళ్ళం కూడా ఇదే మాట మీద ఎందుకు ఉన్నామో నాకు అర్థం కాదు.

"పెద్ద కంపెనీలు లాభాలు తింటుంటే మనం ఊరికే ఎందుకు చెయ్యాలి?" అన్నిటిలోకీ ఇదే గట్టి ప్రశ్న. నిజమే, తినేవాళ్ళే ముందు పెట్టాలి. కొన్ని కంపెనీలు జీతాలిచ్చి మనుషుల్ని పెడుతున్నాయి, చాలా కంపెనీలు పెట్టటం లేదు. అయితే ఆ పెట్టనివాళ్ళ దగ్గర మేనేజర్లుగా, ఆర్కిటెక్టులుగా కూర్చున్నది ఎవరు? పాట్‌లక్ లెక్క ప్రకారం మనమే కదా! "మనం వాడుతున్న ఈ ప్రోగ్రాంలో మనం సరిచేసుకున్న తప్పుని తిరిగి పంపిద్దాం, రెండు గంటల పని" అని ఒక్క మీటింగులో అన్నామా?

మనవాళ్ళలో చేసేవాళ్ళు లేరని కాదు. హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్ళు తెలుగులో లినక్స్ తెచ్చారు. పల్స్ఆడియో నిర్వాహకుల్లో ఒకాయన భారతీయుడే. ఆ మధ్య దాని సోర్సు తిరగేస్తుంటే అందులో తెలుగు అనువాదం ఫైలు కనబడింది! డాలర్లు లెక్కపెట్టుకుంటూ నేను తిట్లు రాస్తున్న ప్రోగ్రాంకి, ఎవరో కూర్చుని వాక్యం వాక్యం తెలుగు చేసి పెట్టారు. ఆ ఫైలు ముందు నేను సిగ్గుపడ్డాను. పాట్‌లక్ గొప్పల్లో వీళ్ళ ఊసు ఎప్పుడూ రాలేదు. మన గొప్పంతా జీతాల గొప్పే.

ఇప్పుడు చాలా లినక్సుల్లో పల్స్ఆడియో స్థానంలోకి పైప్‌వైర్ వచ్చింది. ఫెడోరా 2021లో మారింది, తర్వాత ఉబుంటు. అంతమాత్రాన ఆ పాత పని వృథా కాలేదు. పల్స్ఆడియో కోసం రాసిన ప్రోగ్రాములన్నిటితో పైప్‌వైర్ వాటి భాషలోనే మాట్లాడుతుంది. మాటల లింకు కూడా 16,000 శాంపిళ్ళకి పెరిగింది. అమ్మ "సరే" అంటే ఇప్పుడు "సరే" అనే వినబడుతోంది.

2021లోనే కొత్త హెడ్‌సెట్‌తో మళ్ళీ ఒక చిక్కు వచ్చింది. ఈసారి తిట్లు రాయలేదు. మోడల్, ఎడాప్టర్, లాగు, అన్నీ వరసగా పెట్టి పంపాను. నలభై నిమిషాలు పట్టింది, ఏడేళ్ళు ఆలస్యంగా. ఇదేమీ ఘనకార్యం కాదు. గట్టు దిగి మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చాను, అంతే.

వచ్చే నెల మళ్ళీ పాట్‌లక్ ఉంది. సాఫ్ట్‌వేర్ అంతా మనవాళ్ళే నడుపుతున్నారని ఎవరో ఒకరు అంటారు. "మీరు ఆఖరుసారి లాగు పంపింది ఎప్పుడండీ?" అని అడుగుదామనుకుంటున్నాను. పెరుగన్నం తినటం అయ్యాకనే లెండి.